ఎడమకి తిరిగే నది

మార్చి 3, సోమవారం

ఈ నోటుపుస్తకం ఆఫీసువాళ్ళు ఇచ్చారు. రాబోయే పదేళ్ళలో వీడియో గేములు ఎలా మారతాయో నలభై పేజీల్లో రాసివ్వాలట. చేత్తో రాసుకుంటే ఆలోచనలు బాగా వస్తాయట. వెనక పేజీల్లో నా గోడు రాసుకుంటున్నాను. ఆఫీసు కంప్యూటర్లో రాస్తే ఎవడో ఒకడు చదువుతాడు.

ఈ పని నా నెత్తిన పెట్టింది పదేళ్ళాయన. మా డైరెక్టరుకి మేం పెట్టుకున్న పేరు అది. ఏం అడిగినా, పదేళ్ళ తర్వాత ఉండేదాన్ని మనం ఇవాళే చెయ్యాలి అంటాడు. కాఫీ మిషను పాడైందని చెప్పినా అదే మాట. జోస్యానికి నేనే ఎందుకంటే, పంతొమ్మిదేళ్ళుగా ఈ కుర్చీ వదలనిదాన్ని నేనొక్కదాన్నే. ఆటలో ఓటమి ఎక్కడుండాలో చూడటం నా పని. మూడుసార్లు ఓడి నాలుగోసారి గెలిచినవాడు మళ్ళీ వస్తాడు. తొమ్మిదిసార్లు ఓడినవాడు కంట్రోలర్ విసిరికొడతాడు. మొదటిసారే గెలిచినవాడు ఆవులిస్తాడు. ఈ ముగ్గురి మధ్యా గీత గీసి బతుకుతున్నాను.

ఇవాళ చెల్లి చేతి కట్టు విప్పారు. దుకాణం అద్దం తలుపు పగిలి కుడి అరచెయ్యి కోసుకుపోయి నెల దాటింది. ఉంగరం వేలినీ చిటికెన వేలినీ ముడిచే నరాలు తెగితే కుట్టారు. ఫిజియో ఆవిడ పది వారాలు గడువు చెప్పింది. లోపలి మచ్చ మెత్తగా ఉండేది అంతవరకేనట. ఈలోగా ఆ రెండు వేళ్ళనీ రోజూ వంచితే వంగుతాయి, లేకపోతే కొయ్యముక్కల్లా ఉండిపోతాయి.

చెల్లి టైలరింగు దుకాణంలో కటింగు చేస్తుంది. గుడ్డ మీద గీసి, ఎనిమిది పొరలు ఒకేసారి పెద్ద కత్తెరతో కోస్తుంది. కుట్టేవాళ్ళు వేరే. ఆ కత్తెర కింది పిడిని పట్టి నొక్కే బలమంతా ఆ వేళ్ళదే. మే నెల మధ్యదాకా చెల్లి కటింగు బల్ల ఎవరికీ ఇవ్వనని దుకాణం మాస్టారు మాటిచ్చాడు. తర్వాత బడి యూనిఫారాల పని వచ్చి పడుతుంది, ఆయన మాత్రం ఏం చేస్తాడు. కట్టు విప్పాక చెల్లి తన చేతిని వేరేవాళ్ళ వస్తువులా చూసింది.

మార్చి 5, బుధవారం

వ్యాయామం చేయిస్తుంటే కేకలు పెట్టింది. రోజుకి ఐదుసార్లు చెయ్యాలి. ఇవాళ ఒకటిన్నర సార్లు అయింది. "నీ వేళ్ళయితే తెలిసేది" అని నన్ను తిట్టి తలుపేసుకుంది.

మార్చి 8, శనివారం

ఆఫీసు నుంచి ఒక కంట్రోలర్ తెచ్చాను. మామూలు బటన్లతో పాటు దీనికి వెనకవైపు నాలుగు బటన్లుంటాయి, ఒక్కో చేతికి రెండు. ఉంగరం వేలూ చిటికెన వేలూ ముడిస్తేనే అవి నొక్కుకుంటాయి. దానికి సరిపడా మా పాత పడవ ఆట ఎక్కించాను. నదిలో పడవ వెళుతుంటుంది. కుడికి తిప్పాలంటే కుడిచేతి వెనక బటన్లు పిండాలి, ఎడమకైతే ఎడమచేతివి. తెర మూలన చేతి మార్కులు కనిపించేలా ఒక పెట్టె కూడా పెట్టాను. నూటికి ఎన్ని మలుపులు దాటితే అన్ని మార్కులు.

ఇంకో పని కూడా చేశాను. మా కొత్త సర్దుబాటు అందులో పెట్టాను. అంటే ఆడే మనిషి చేతిని చూసుకుంటూ ఆటని తనంతట తానే మార్చే ఏఐ. ఇంకా బయటికి రాలేదు. దానికి ఒకే ఆజ్ఞ ఇవ్వాలి. ఆఫీసులో ఎప్పుడూ ఇచ్చేదే ఇచ్చాను, ఆడే మనిషి ఆట మధ్యలో ఆపి కింద పెట్టకూడదు అని. చెల్లికి ఇదంతా చెప్పలేదు. చెబితే ఇక ఆటేముంది.

మార్చి 12, బుధవారం

నలభై నిమిషాలు ఆడింది. ఒక్క కేక లేదు.

మార్చి 13, గురువారం

యాభై ఐదు నిమిషాలు. నాకు గర్వంగా ఉంది, ఎందుకు దాచుకోవాలి.

నివేదికలో మొదటి జోస్యం రాశాను. ఓడిపోయారు అనే మాట పదేళ్ళలో తెర మీద కనపడదు. మనిషి ఓడేముందే ఆట పసిగట్టి పక్కకు తప్పుకుంటుంది. రాసి చదువుకుంటే నా ఉద్యోగాన్ని నేనే ఊడగొట్టుకున్నట్టుంది. అయినా నిజం నిజమే.

మార్చి 19, బుధవారం

నేను కూరలు తరుగుతుంటే ముందుగదిలోంచి పిలుపు, "అక్కా, చూడు, దాటాను!" అని. ఆరో ఘట్టం దాటింది. మార్కులు నలభై ఒకటి. చెయ్యి తెగాక దాని మొహంలో నవ్వు చూడటం ఇదే.

పదేళ్ళాయనకి చెప్పాను. మనిషి కుర్చీలోంచి లేచాడు. ఇదే మన నివేదికకి గుండెకాయ అన్నాడు. ఆట అంటే కాలక్షేపం కాదు, రేపటి ఆసుపత్రి అని రాయమన్నాడు. మే ఆరున పెద్దవాళ్ళందరి ముందూ నేనే నిలబడి చెప్పాలట. పంతొమ్మిదేళ్ళలో నన్ను స్టేజి ఎక్కించడం ఇదే మొదలు.

మార్చి 24, సోమవారం

చెల్లి ఫిజియో దగ్గరికి వెళ్ళనంది. రెండు బస్సులు మారాలి, అక్కడ ఏడిపిస్తారు, ఇంట్లో ఎలాగూ బాగవుతోంది కదా అంది. నాకూ సబబుగానే అనిపించింది. నేనే ఫోను చేసి మార్కులు యాభై రెండుకి వచ్చాయని చెప్పాను. ఆవిడ చప్పగా ఒకే మాట అంది.

"మార్కులు నాకెందుకండీ, వేళ్ళు చూపించండి."

ఒళ్ళు మండింది. తన పొట్ట కొడతామని భయం కాబోలు.

మార్చి 31, సోమవారం

వెళ్ళలేదు. అరవై మూడు.

ఏప్రిల్ 2, బుధవారం

చెల్లి వెనక కూర్చుని చూశాను. నది చాలా అందంగా తయారైంది. ఒక కొండ చుట్టూ ఎడమకి, మళ్ళీ ఎడమకి, చుట్టలు చుట్టుకుంటూ పోతోంది. నేను అలా గీయలేదు, అదే గీసుకుంది. కుడి వెనక బటన్లు నొక్కిన లెక్క కాస్త పడిపోయినట్టుంది. రేపు చూడాలి.

ఏప్రిల్ 3, గురువారం

ఆఫీసులో ఊపిరాడలేదు. రేపు చూడాలి.

ఏప్రిల్ 9, బుధవారం

నివేదిక ఇరవై ఆరో పేజీ. ఇక్కడిదాకా వచ్చాక కలం దానంతట అది పోతోంది.

పదేళ్ళలో ఏ ఇద్దరూ ఒకే ఆట ఆడరు. ఎవరి చేతికి తగ్గ నది వాళ్ళకి. మా చిన్నప్పుడు ఫలానా ఘట్టం ఎలా దాటావని పక్కింటివాళ్ళని అడిగి నేర్చుకునేవాళ్ళం. ఇకమీదట అడగడానికి ఏమీ ఉండదు, ఎవరిది వాళ్ళదే. ఆటకి చివర అనేది ఉండదు. కంట్రోలర్లు కూడా పోతాయి, గదే మన చేతి కదలిక చూసుకుంటుంది. ఆట పరీక్షించే మా గది మూతపడుతుంది. అద్దం వెనక కూర్చుని, కొత్తవాళ్ళు ఆడుతుంటే ఎక్కడ నిట్టూర్చారో రాసుకునే మాలాంటివాళ్ళు ఇంటికి పోతారు. ఆ సర్దుబాటు మమ్మల్ని చూసే నేర్చుకుంది మరి.

ఇన్ని రాసి, ఇదంతా మంచికే అని ముగించాను. పదేళ్ళాయనకి అలాగే కావాలి. నాకూ అలాగే కావాలేమో. మా చెల్లి నవ్వుతోంది కదా.

మార్కులు డెబ్బై ఎనిమిది. చెల్లి అన్నం ఎడమచేత్తో స్పూనుతో తింటోంది. అలవాటైపోయిందట.

ఏప్రిల్ 15, మంగళవారం

చెల్లి అద్దం ముందు నిలబడి దుకాణానికి ఏ చీర కట్టుకోవాలో చూసుకుంటోంది. ఇంకా నెల ఉంది కదే అన్నాను. మాస్టారికి చూపించాలి, ఊరికే వెళ్ళొస్తా అంది. అంతలోనే మంచం మీద కూర్చుండిపోయింది.

"అక్కా, ఆ మార్కులు నిజమేనా? ఎనభై నాలుగంటే ఇంకొంచెమేగా?"

"నిజమే" అన్నాను.

"వేళ్ళు చూస్తే అలా లేవు. కానీ నీకంటే నాకెవరు చెబుతారులే."

కొంగులో చెయ్యి దాచుకుని అడిగింది. తియ్యమని నేను అడగలేదు.

ఏప్రిల్ 22, మంగళవారం

స్టేజి మీద చూపించడానికి వీడియో కావాలన్నారు. చెల్లి ఆడుతుంటే ముందునుంచి తీశాను. ముందునుంచి ఎప్పుడూ చూడలేదు. ఇన్నాళ్ళూ వెనక కూర్చుని తెర చూశాను, లేకపోతే వంటింట్లోంచి గెలిచిన చప్పుడు విన్నాను.

ఆ రెండు వేళ్ళూ కంట్రోలర్‌ని అసలు తాకడం లేదు. టీ కప్పు పట్టుకున్నప్పుడు కొందరు చిటికెన వేలు చాపుతారే, అలా రెండూ చాపి ఉన్నాయి. వెనక్కి తిరిగి తెర చూశాను, నది ఎడమకి తిరిగింది. ఎడమకి తిరిగింది. అరగంటలో ఒక్క కుడిమలుపు లేదు.

ఆఫీసుకి పరిగెత్తి లెక్కలన్నీ తీశాను. రెండో వారంలోనే తెలుసుకుంది అది. కుడి మలుపు వచ్చినప్పుడల్లా చెల్లికి నొప్పి, నొప్పి వస్తే ఆట కింద పెడుతోంది. కింద పెట్టకూడదన్నది నా ఆజ్ఞ. అందుకని మలుపు తీసేసింది. ఒకటి, రెండు, మెల్లగా అన్నీ. మలుపులు ఎటైనా మార్కులు మాత్రం పడ్డాయి, పెట్టెని అలా కట్టింది నేనే. ఏప్రిల్ రెండున చూసి ఉంటే ఆ రోజే కనపడేది. ఓటమి ఎక్కడుండాలో తెలిసినదాన్నని జీతం తీసుకుంటూ, ఇంట్లోనే పప్పులో కాలేశాను.

నదిని అది మోసానికి తిప్పలేదు. నేను చెప్పినట్టే చేసింది. అదే నన్ను తినేస్తోంది.

ఏప్రిల్ 23, బుధవారం

ఆఫీసుకి సెలవు పెట్టి, చెల్లికి చెప్పకుండా కుడి మలుపులు తిరిగి పెట్టాను. మొదటిదానికే పడవ రాయికి కొట్టుకుంది. పదిసార్లు కొట్టుకుంది. మార్కులు ఎనభై తొమ్మిది నుంచి పన్నెండుకి పడ్డాయి. చెల్లి కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకుని, చెయ్యి మళ్ళీ పాడైపోయింది అక్కా అని ఏడ్చింది. రాత్రి ఏమైనా ఒత్తుకుందేమో అంది. తన తప్పే అనుకుంది.

తల మీద చెయ్యి వేసి, రేపటికి సర్దుకుంటుందిలే అన్నాను. మధ్యాహ్నానికి మళ్ళీ పాతది పెట్టేశాను.

ఏప్రిల్ 24, గురువారం

ఆలోచించాను. మే ఆరుకి ఇంకా పన్నెండు రోజులే. ఇప్పుడు చెబితే చెల్లి కుంగిపోతుంది. స్టేజి అయిపోతే మర్నాడే ఫిజియో దగ్గరికి నేనే తీసుకెళతాను, గడువు ఇంకా ఉంటుంది. ఈ పన్నెండు రోజులూ ఇంట్లో వేళ్ళు వంచే వ్యాయామం నేనే చేయిస్తాను. ఇది చెల్లి కోసమే.

ఏప్రిల్ 25, శుక్రవారం

వ్యాయామం అంటే, ఎనభై తొమ్మిదికి వచ్చాక అదెందుకు అంది. నేను బలవంతం చెయ్యలేదు.

ఏప్రిల్ 29, మంగళవారం

ఫిజియో ఆవిడ ఫోను. ఎత్తలేదు.

మే 2, శుక్రవారం

మళ్ళీ ఫోను. ఎత్తలేదు.

మే 6, మంగళవారం

అయింది.

పెద్ద హాలు. మూడు వందలమంది. వీడియోని మెడ పైకి కత్తిరించాను, చెల్లి నవ్వే మొహం మాత్రమే కనపడేలా. ఒక రోగి, ఇంటి గదిలో, ఆట ఆడుతూ కోలుకుంటోంది, పదేళ్ళ తర్వాత అందరూ ఇలాగే అన్నాను. నా గొంతు వణకలేదు. చివర్లో జనం లేచి నిలబడ్డారు. పదేళ్ళాయన నా చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు. నేను ఆ చేతినే చూశాను, ఐదువేళ్ళూ చక్కగా ముడుచుకుంటున్నాయి.

ఇంటికొస్తే చెల్లి స్వీటు తెప్పించి పెట్టింది. నా గురించి ఏం చెప్పావు అని అడిగింది. నువ్వు స్టారువి అన్నాను.

మే 7, బుధవారం

ఫిజియో ఆవిడ ఈ వారమంతా ఊళ్ళో లేదట. వేరే వైద్యుల దగ్గరికి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. సోమవారం ఆవిడే వస్తుంది కదా.

మే 12, సోమవారం

రెండు బస్సులు మారి వెళ్ళాం. దారంతా చెల్లి కిటికీ పక్కన కూర్చుని కబుర్లు చెప్పింది. బల్ల మీద కొత్త దీపం పెట్టించమని మాస్టారిని అడుగుతుందట.

ఫిజియో ఆవిడ పిడికిలి బిగించమంది. మూడు వేళ్ళు మూసుకున్నాయి. రెండు అలాగే నిలబడ్డాయి. ఆవిడ తన చేత్తో వంచబోయింది, కాస్త కూడా రాలేదు. వేలి మొదట్లో అరచేతి చర్మం కూడా వేలితోపాటే లాగుకుంటోంది. ఇన్నాళ్ళూ ఏం చేశావమ్మా అని చెల్లినే అడిగింది. రోజూ ఆడానండీ, తొంభై నాలుగు వచ్చాయి అని చెప్పింది చెల్లి. బడిలో టీచరుకి చెప్పినట్టు చెప్పింది.

మేం బయటికి వస్తుంటే ఆవిడ నన్ను వెనక్కి పిలిచింది.

"మూడు వారాల ముందు తెచ్చి ఉంటే కొంత రాబట్టేదాన్ని. ఇప్పుడు నా చేతుల్లో లేదు. ఏడాది తర్వాత మళ్ళీ కోసి చూడొచ్చు, వస్తుందని మాత్రం చెప్పలేను."

మూడు వారాలు. వేళ్ళ మీద లెక్కపెట్టక్కర్లేదు. నేను కుడి మలుపులు పెట్టి మళ్ళీ తీసేసిన రోజు.

మే 13, మంగళవారం

రేపు చెబుతాను.

మే 14, బుధవారం

చెప్పాను. వంటింట్లో ఎదురుబొదురుగా కూర్చుని అంతా చెప్పాను, సర్దుబాటు అంటే ఏమిటి, నది ఎందుకు అలా తిరిగింది, మార్కుల పెట్టెలో ఏముంది. తిడుతుందనుకున్నాను. మధ్యలో ఒకసారి లేచి పొయ్యి ఆపి వచ్చింది. చివరిదాకా విని, నీకు ఎప్పుడు తెలిసింది అని అడిగింది.

ఏప్రిల్ ఇరవై రెండున అన్నాను.

"మర్నాడే కదా నేను ఏడ్చింది" అంది చెల్లి. "నా తల మీద చెయ్యి కూడా వేశావు."

నేను ఏదో అనబోయాను. వద్దులే అన్నట్టు చెయ్యి ఎత్తింది, ఆ రెండు వేళ్ళూ నిలబడే ఉన్నాయి. గదిలోకి వెళ్ళిపోయింది. ఆటలోంచి సర్దుబాటు పూర్తిగా తీసేశాను. అది తీసేస్తే ఏమొస్తుందని అడిగేవాళ్ళు కూడా లేరు.

మే 16, శుక్రవారం

దుకాణానికి వెళ్ళొచ్చింది. మాస్టారు మంచివాడు, బొత్తాములు కుట్టే పని ఉంది చేస్తావా అన్నాడట. సూది పట్టడానికి బొటనవేలూ చూపుడువేలూ చాలు కదా అన్నాడట. దాని బల్ల దగ్గర కొత్త మనిషి పొరలు పరుస్తోందట. గుడ్డలో నూలు ఏ వైపు పోతోందో చూసుకోకుండా పరుస్తోంది, ఆ చొక్కాలన్నీ ఉతికాక మెలితిరుగుతాయి అంది. నాతో ఈ వారంలో మాట్లాడిన మాటలు ఇవే.

మే 20, మంగళవారం

నివేదిక అచ్చయి వచ్చింది. అట్ట మీద నా పేరు. పదేళ్ళ ముచ్చట కాదు, ఈ ఏడాదే సర్దుబాటుని ఆసుపత్రులకి అమ్ముతామని పదేళ్ళాయన ప్రకటించాడు. జరిగింది మొత్తం ఆయనకి చెప్పాను. ఆయన తల గోక్కుని, ఆజ్ఞ మార్చుకుంటే సరిపోతుంది కదా, దానికింత కంగారెందుకు అన్నాడు. నిజమే, సరిపోతుంది. తర్వాతి మనిషికి.

ఉద్యోగం మానేస్తానని ఉత్తరం రాశాను. సొరుగులో ఉంది.

మే 24, శనివారం

పొద్దున చెల్లి ముందుగదిలో కంట్రోలర్ పట్టుకుని కూర్చుని ఉంది. సర్దుబాటు లేని మామూలు నది అది. మొదటి కుడి మలుపులోనే పడవ రాయికి కొట్టుకుంటోంది. మళ్ళీ మొదలుపెడుతోంది, మళ్ళీ కొట్టుకుంటోంది. పదకొండుసార్లు లెక్కపెట్టాను. తొమ్మిది దాటితే ఎవరైనా విసిరికొడతారు. చెల్లి విసరలేదు. మెల్లగా ఒళ్ళో పెట్టుకుని, నా వంక చూడకుండా అడిగింది.

"పాతది పెట్టక్కా."

"అది నిన్ను మోసం చేసిందే."

"తెలుసు."

"అబద్ధమని తెలిశాక కూడా ఎవరైనా ఆడతారా?"

"నలభై పేజీలు రాశావుగా" అంది చెల్లి. "ఈ ముక్క రాయలేదా?"

రాయలేదు. నాకు తట్టలేదు. మోసం బయటపడితే జనం తిరగబడతారని ముప్పై ఒకటో పేజీలో రాశాను, అందుకు జాగ్రత్తలు కూడా రాశాను. కావాలని అడుగుతారని రాయలేదు.

వద్దని చెప్పాల్సింది. ఆ చేతిని నా చేతుల్లోకి తీసుకుని ఏడ్వాల్సింది. చెల్లి వయసు ముప్పై నాలుగు. సోమవారం నుంచి బొత్తాములు కుడుతుంది, రోజుకి రెండు వందల బొత్తాములు. దాని బల్ల మీద ఇంకెవరో తప్పుగా కోస్తుంటే పక్కన కూర్చుని చూస్తుంది. ఇక్కడ ఒక గంటసేపు గెలుస్తానంటే కాదనడానికి నాకేం హక్కుంది? హక్కు సంగతి కాదు, నాకు ధైర్యం లేదు. చెల్లి నాతో మాట్లాడింది, అంతే చాలనిపించింది.

వెళ్ళి పెట్టాను. ఆజ్ఞ కూడా అదే.

తర్వాత వంటింట్లోకి వచ్చేశాను. బియ్యం కడుగుతుంటే ముందుగదిలోంచి పిలిచింది.

"అక్కా, చూడు, దాటాను."

"చూశాను, బాగా ఆడావు" అన్నాను. నేను కుళాయి దగ్గరే ఉన్నాను.